పద్నాలుగో అడుగు

“వద్దయ్యా... నీకు దండం పెడ్త! ఆ పలకలు తియ్యకు!”

మెట్ల కింద నిలబడి సుమిత్ర అరిచిన అరుపుకు చంద్రప్ప చేతిలో సుత్తె ఆగిపోయింది. మెట్లెక్కగానే కాలు పెట్టే చోట, మోకాళ్ళ మీద కూర్చుని, అప్పటికే రెండు పాత పలకలు ఊడదీశాడు అతను. మూడోది సగం లేచి, పాత మొలలకు వేలాడుతూ కిర్రుమంటోంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో భార్య అలా అరవడం అతను ఎన్నడూ వినలేదు.

“ఏమైంది? పిచ్చి గిన లేసిందా నీకు?” అన్నాడు కిందికి వంగి చూస్తూ. “చెద తిన్నయి సుమిత్రా! ఏలు పెడితే పిండి రాలుతుంది. పిల్లను తొట్టెల ఏసే నాడు నాగల్‌గిద్ద నుంచి వియ్యపురాలొస్తది, పది మంది ఎక్కుతరు దిగుతరు. ఎవలి కాలన్న దిగబడితే? నాలుగేండ్ల సంది ఎండబెట్టిన టేకు... నా మనవరాలి కోసం కాకపోతే ఇంకెవలి కోసం?”

సుమిత్ర ఏమని చెప్తుంది? ఆ పలకలు ఊడిపోతే తన కళ్ళు ఊడిపోయినట్టేనని ఎలా చెప్తుంది?

నారాయణఖేడ్‌లో సిర్గాపూర్ వెళ్ళే రోడ్డు పక్కన ఆ ఇల్లు. కింద ముందు భాగమంతా చంద్రప్ప వడ్రంగం పని. వెనకాల వంటిల్లు, వాకిలి. పొట్టూ దుమ్మూ తగలకుండా, కాన్పుకు వచ్చిన కూతురు అంకితనూ పదిహేను రోజుల పసిపిల్లనూ పై గదిలో ఉంచారు. పైన నేలంతా చెక్కే. చంద్రప్ప తండ్రి కట్టిన నాటిది. గోడకూ గోడకూ మధ్య ఇరుకైన మెట్లు, వెలుతురు తక్కువ. పదమూడు మెట్లెక్కితే పద్నాలుగో అడుగు ఆ పలకల మీద పడుతుంది. ఆ అడుగు పడగానే పాత పలక కిర్రుమనేది. ఆ చప్పుడు వినపడితే చాలు, సుమిత్ర గుండె కుదుటపడేది... చేరుకున్నాను, ఇక మెట్లు లేవు, పిల్ల క్షేమం!

ఎందుకంటే ఆ మెట్లను ఆమె చూసి రెండేళ్ళయింది!

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసే వీలూ లేదు. సుమిత్ర సూదిలో దారం ఎక్కించగలదు, బియ్యంలో రాళ్ళు ఏరగలదు. కానీ పక్కనే నిలబడ్డ మనిషి ఆమెకు కనిపించడు. చెంబు తన్నుకుంటుంది, తలుపు గుద్దుకుంటుంది. “నీకు ధ్యాసే లేదమ్మా!” అని అంకిత విసుక్కుంటుంది. ఎండలోంచి నీడలోకి వస్తే మరీ ఘోరం... ఎవరో ముఖాన నల్లగుడ్డ కప్పినట్టు కాసేపు ఏమీ ఉండదు. నిరుడు పక్కింటి కుబ్రా బీ ఊరుకోక, బట్టలు కొనే సాకుతో సంగారెడ్డి బస్సెక్కించి కంటి డాక్టరుకు చూపించింది. ఆ డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసి, నెమ్మదిగా చెప్పింది. “చూపు చుట్టూ నుంచి మూసుకుంటూ వస్తోందమ్మా. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది కదూ? దీన్ని ఆపే మందు లేదు. ఇది వంశంలో వచ్చే జబ్బు. మీ పిల్లల్ని కూడా తీసుకొచ్చి చూపించండి.”

వంశంలో! ఆ మాట వినగానే సుమిత్రకు తన తల్లి గుర్తొచ్చింది. కల్హేర్‌లో రామవ్వ అంటే ఎవరికీ తెలిసేది కాదు, గుడ్డి రామవ్వ అంటేనే తెలిసేది. నలభై దాటాక చూపు పోతే సుమిత్ర అన్నదమ్ములు ఆమెను కొట్టం ముందు మంచానికి చేర్చారు. మంచం కోడు నుంచి వాకిలి అవతలిదాకా ఒక తాడు కట్టారు, అది పట్టుకుని వెళ్ళి రావడానికి. ఆమె లోకమంతా ఆ తాడు పొడవే! తల్లి గుడ్డిదని సుమిత్రకు వచ్చిన రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. చివరికి చంద్రప్ప వాళ్ళకు ‘ముసలితనం చూపు’ అని అబద్ధం చెప్పి పెళ్ళి చేశారు.

ఇప్పుడు నిజం చెబితే? అంకిత అత్త హన్మమ్మ సూటి మాటకు పెట్టింది పేరు. నలుగురిలో ఉన్నా మొగం మీదే అడిగేస్తుంది. ‘మీ రక్తంల గుడ్డితనముందా? తెల్సి గూడ నా కొడుక్కి అంటగట్టిన్రా?’ అంటే ఏం జవాబు చెప్పాలి? చంకలో ఆడపిల్లతో అంకిత పుట్టింటికి తిరిగొస్తే! అందుకే సుమిత్ర కుబ్రా బీ చెయ్యి తన తలమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది... ఎవరికీ చెప్పనని.

మూడు రోజుల్లో చంద్రప్ప పని పూర్తయింది. కొత్త టేకు పలకలు రందా పట్టి నున్నగా చేసి, నూనె పూసి, అద్దంలా మెరిపించాడు. అంకిత మురిసిపోయింది. సుమిత్ర కూడా “మంచిగున్నయి” అని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అలికిడి లేని వేళ ఉత్త చేతులతో ఎక్కి చూసింది. ఒకటి... రెండు... మూడు... పదమూడు. పద్నాలుగో అడుగు ఎత్తింది. బొటనవేలు గట్టిగా తన్నుకుంది! ముందుకు తూలి, అరచేతుల మీద పడింది. అంచు తడిమి చూసింది. చివరి మెట్టు మిగతావాటి కంటే ఎత్తయింది! ఏ కొద్దిగానో... కానీ రెండేళ్ళుగా కాళ్ళు నేర్చుకున్న లెక్కంతా తప్పింది. పైగా కొత్త పలకలకు చప్పుడే లేదు. ఆమె అక్కడే కూలబడి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“చెప్పెయ్ సుమిత్రా,” అంది సాయంత్రం కుబ్రా బీ, పసిపిల్ల కోసం కుట్టిన గౌను మడత పెడుతూ. “ఎంత కాలం దాస్తవ్? నీ ఇజ్జత్ కోసం పిల్ల పానం మీదికి తెస్తవా?”

“తొట్టెల కానీ ఆపా... అదొక్కటి మంచిగ గడువనీ. గంతే!”

“ఒట్టేసిన గాబట్టి నోరు కట్టేస్కున్న. అల్లా నన్ను మాఫ్ చెయ్యాలె!” అని ఆమె కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

తొట్టెల రోజు వచ్చింది. పొద్దున్నే అల్లుడు బస్వరాజ్, అతని తల్లి హన్మమ్మ నాగల్‌గిద్ద నుంచి దిగారు. పై గదిలో తొట్టెకు పూలు కడుతున్నారు. వాకిట్లో ఎండలో కూర్చుని సుమిత్ర మనవరాలికి నూనె రాసి నీళ్ళు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది, కుబ్రా బీ కుట్టిన గౌను తొడిగింది. ఆ చిన్ని ముఖం ఒక్కటీ ఆమె చూపు గొట్టంలో నిండుగా పట్టేది. ఎంతసేపైనా చూస్తూ కూర్చునేది.

“వదినా! పిల్లను తే, పొద్దుపోతుంది!” పైనుంచి హన్మమ్మ కేక.

సుమిత్ర లేచింది. ఎవరినైనా పిలిచి పిల్లను ఇద్దామనుకుంది. దుకాణంలో చంద్రప్ప కోసం చెవి ఒగ్గింది, లేడు. అంకితను పిలిస్తే ఆ ఇరవై ఒకటో రోజు బాలింత మెట్లు దిగి రావాలి... ‘అమ్మమ్మకు మోసుకొచ్చే ఓపిక లేదా’ అంటే? అడుగడుగునా భయమే ఆమెకు. అడిగితే బయటపడతానని భయం, అడక్కపోతే పడతానని భయం! ‘ఎత్తయిందని తెలుసు కదా... చివర కాలు బాగా ఎత్తితే సరి’ అని తనకు తాను చెప్పుకుని, పిల్లను గుండెకు హత్తుకుని ఎండలోంచి మెట్ల చీకట్లోకి అడుగుపెట్టింది.

ఏమీ లేదు. కళ్ళ ముందు నలుపు. ఒకటి... రెండు... భుజం గోడకు రాసుకుంటూ ఎక్కుతోంది. ఎనిమిది... తొమ్మిది... “జల్దీ తే వదినా!” పైనుంచి మళ్ళీ కేక. ఆ కేకకు లెక్క తడబడింది! ఇది పదా, పదకొండా? వెనక్కి దిగి మళ్ళీ లెక్కపెడదామా? చెమటతో అరచేతులు జారుతున్నాయి. పదకొండు... పన్నెండు అనుకుంది. ఇంకొకటి. అది పదమూడో మెట్టే అనుకుని కాలు మామూలుగా ఎత్తింది...

కాలు తన్నుకుంది!

ఒళ్ళు ముందుకు తూలి, చేతులకు పట్టు లేక వెనక్కి ఒరిగింది. ఆ ఒక్క క్షణంలో ఆమెకు తెలిసినదల్లా ఒకటే... పిల్ల కింద పడకూడదు! రెండు చేతులూ పిల్ల చుట్టూ బిగించి, పక్కకు తిరిగి, తన మోచేతినీ భుజాన్నీ గోడకేసి మొత్తుకుంది. ఒక మెట్టు, రెండు, మూడు... ఆరు మెట్లు వీపు మీదే జారి ఆగింది. కుడిచేతి ఎముక టప్పుమన్న చప్పుడు తన చెవులకే వినపడింది. పిల్ల ఏడవలేదు!

“బిడ్డా... ఏడువు! ఏడువే తల్లీ!” సుమిత్ర ఎడమచేత్తో పిల్ల వీపు నిమిరింది.

అప్పుడు కేర్‌మంది పసిగుడ్డు!

అంకిత పరుగున దిగి పిల్లను లాక్కుంది. తల నుంచి కాళ్ళ దాకా తడిమి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. కానీ ఆ తల్లి మనసు భయంతో పిచ్చెక్కిపోయింది.

“నా పిల్లను సంపుతుంటివి గదనే! నీకు కండ్లున్నయా లేవా? ఎన్నిసార్లు చెప్పిన, జర చూస్కొని నడువమని! ఇగ నా బిడ్డను ముట్టకు... నీ చేతికియ్య!”

‘కండ్లున్నయా లేవా’... ఆ మాటకు సుమిత్ర ఒక్కసారి కళ్ళు మూసుకుంది. చెయ్యి వాచిపోతోంది. నొప్పి ఆమెకు తెలియడం లేదు. “తప్పయింది బిడ్డా... ధ్యాస లేకుంటైంది” అంది, అంతే.

సర్కారు దవాఖానలో పిల్లకు ఏమీ కాలేదన్నారు. సుమిత్ర కుడిచేతికి పిండికట్టు వేశారు. అందరూ ఇల్లు చేరేసరికి పొద్దు వాలింది. తొట్టె అలాగే ఉంది, పూలు వాడిపోయాయి. సుమిత్ర కింద గోడకు ఆనుకుని కూర్చుంది. కూతురు తనను ఎన్నటికీ క్షమించకపోయినా సరే, ఆ సంసారం నిలబడితే చాలు అనుకుంది. ధ్యాస లేనిదనే పేరు మోస్తాను, నా బిడ్డకు ఏ పేరూ రావద్దు...

అంకిత పిల్లనెత్తుకుని మెట్లెక్కుతోంది. వెనకే బస్వరాజ్ ఉన్నాడు. చివరి మెట్టు దగ్గర చప్పుడైంది. అంకిత తూలింది! బస్వరాజ్ చప్పున నడుం పట్టి ఆపాడు.

“ఏమైందే? చూస్కుంట ఎక్కరాదు?” అన్నాడతను అదిరిపోయి.

“ఏమో... పొద్దుగూకితే నాకు సరిగ్గ కనబడ్తనే లేదు. నెల నుంచి గిట్లనే ఉంది. అంత మసక...”

ఆ మాట కింద సుమిత్ర చెవిన పడింది. పొద్దుగూకితే కనబడటం లేదా! తనకూ ఇలాగే మొదలైంది. తల్లికీ ఇలాగే మొదలైందట. డాక్టరమ్మ చెప్పింది... పిల్లల్ని తీసుకురమ్మని చెప్పింది! ఏడాది... ఏడాది పాటు తాను ఆ మాట కడుపులో దాచుకుంది. ఏ బిడ్డ కోసం దాచిందో ఆ బిడ్డకే ద్రోహం చేసిందా?

“అంకితా!” సుమిత్ర లేవబోయి తడబడి, మోకాళ్ళ మీద మొదటి మెట్టు దాకా పాకింది. “నా తల్లీ, ఆగు! నేను అబద్ధమాడిన... నాకు ధ్యాస లేక కాదే, నాకు కండ్లు కనబడ్తలేవు! రెండేండ్లాయె. మా అమ్మకొచ్చిన రోగమే నాకొచ్చింది. వంశంల వస్తదట... నిన్ను గూడ చూపియ్యమన్నది డాక్టరమ్మ. నేను చెప్పలే! నీ సంసారం ఏమైతదోనని బుగులు పడి చెప్పలే!”

చంద్రప్ప దుకాణంలోంచి మెట్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. కేకలు విని వచ్చిన కుబ్రా బీ వాకిట్లోనే ఏడుస్తూ నిలబడిపోయింది. సుమిత్ర ముఖం ఎత్తి, మసకలో హన్మమ్మ ఎక్కడుందో వెతుక్కుంటూ ఒంటిచేత్తో దండం పెట్టబోయింది.

“వదినా... తప్పు నాది. నా బిడ్డది కాదు. ఏమన్న అంటే నన్నను. ఆ పిల్లను మాత్రం...”

హన్మమ్మ గబగబా వచ్చి ఆమె పక్కన నేలమీద చతికిలబడింది.

“అయ్యో దేవరే! నన్నేమనుకున్నవ్ వదినా నువ్వు?” సుమిత్ర చెయ్యి పట్టుకుంది. “నా పెద్దకొడుకు పుట్టుచెవుడు. ముప్పై ఏండ్ల సంది నా ఇంట్లనే ఉన్నడు గద... బయటికి నూకిన్నా? నా కడుపుల పుట్టినోనికి రావచ్చు గని నా కోడలికి రావద్దా? నోరు పెద్దదైతే మనసు గూడ రాయైతదా?” అని పొద్దుట తాను వేసిన కేక గుర్తొచ్చి నుదురు కొట్టుకుంది. “జల్దీ తే, జల్దీ తే అని నేనే పానం తీస్తిని! కనబడని మనిషివి... ఆ చీకట్ల పిల్లనెట్ల మోస్కొచ్చినవే తల్లీ!”

పైనుంచి అంకిత పిల్లను భర్త చేతుల్లో పెట్టి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. తల్లి ఒడిలో తల దాచుకుని బావురుమంది. “కండ్లు లేవా అంటినమ్మా... నిన్ను గంత మాట అంటిని! సొంత చెయ్యి ఇరగ్గొట్టుకొని నా బిడ్డను కాపాడినవ్ గద!”

మర్నాడు పొద్దున సుమిత్రకు ఏదో దబ్బున పడిన చప్పుడుకు మెలకువ వచ్చింది. గోడ పట్టుకుని మెట్ల దగ్గరికి నడిచింది. పైన, గది తలుపులోంచి పడే వెలుతురులో, చంద్రప్ప బోర్లా పడి ఉన్నాడు! కళ్ళకు తువ్వాలు కట్టుకున్నాడు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది.

“ఏమయ్యా! ఏమైంది?”

అతను లేవలేదు. తువ్వాలు కూడా విప్పలేదు. అలాగే పడి ఉండి చిన్నపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు.

“ముప్పావు ఇంచి సుమిత్రా... ముప్పావు ఇంచి! నాకెర్కే ఆ సంగతి! టేపు పెట్టి చూసిన. పాత పలకలు అరిగి పల్చగైనయి, కొత్తయి మందమున్నయి, చివరి మెట్టు ఎత్తు పెరిగింది. దూలం చెక్కి దించాలె. ఆ పని రెండు దినాలు పడ్తదని ఇడిచిపెట్టిన... అందరికి కండ్లున్నయి గద, అలవాటైతదనుకున్న! ముప్పై ఏండ్లు ఉలి పట్టి వడ్లపని చేసి, నా ఇంట్ల నా పెండ్లానికి మెట్టు సక్కగ చెయ్యకపోతి. వద్దని దండం పెట్టినవ్... ఎందుకని ఒక్క మాట అడగలే నేను!”

సుమిత్ర కింది మెట్టు మీద కూర్చుని గోడకు చెంప ఆనించింది. “నేనన్న చెప్పొద్దా... నీకు గూడ చెప్పకపోతి” అంది మెల్లగా. చాలాసేపు అతను పైన, ఆమె కింద, అలా ఏడుస్తూనే ఉండిపోయారు.

ఆ రోజే అతను కొత్త పలకలన్నీ విప్పేశాడు. దూలాల మీద ఉలి పెట్టి, ముప్పావు ఇంచి మేర చెక్కి, మళ్ళీ పలకలు బిగించాడు. ప్రతి మెట్టుకూ టేపు పెట్టి కొలిచాడు. గోడ వెంట కింది నుంచి పైదాకా నున్నటి టేకు కర్ర పట్టుకోవడానికి అమర్చాడు. పైన ఆ కర్ర ముగిసే చోట రెండు మెట్ల ముందే వేళ్ళకు తగిలేలా మూడు గాట్లు పెట్టాడు.

వారం తిరక్కుండా బస్వరాజ్ తల్లీకూతుళ్ళిద్దరినీ సంగారెడ్డి తీసుకెళ్ళాడు. లోపల అంకితకు పరీక్ష జరుగుతున్నంతసేపూ బయట బల్ల మీద సుమిత్ర బిగుసుకుపోయి కూర్చుంది. నా కళ్ళు మొత్తం తీసుకో దేవుడా, ఈ పిల్లవి వదిలెయ్... అదే ప్రార్థన. తలుపు తీసిన చప్పుడుకు లేచి నిలబడింది.

“మీ జబ్బు ఈ అమ్మాయికి లేదమ్మా,” అంది డాక్టరమ్మ. “కాన్పప్పుడు తిండి చాలక వచ్చిన రేచీకటి ఇది. మందు వాడి, ఆకుకూరలు, గుడ్లు, పాలు బాగా తింటే తగ్గిపోతుంది. పాపకు మాత్రం కొంచెం పెద్దయ్యాక ఒకసారి చూపించండి. మీ చూపు ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను.”

సుమిత్ర బల్ల మీద కూలబడి, ఎడమచేత్తో ముఖం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అవి ఆనందబాష్పాలో దుఃఖమో ఆమెకే తెలియదు!

తొట్టెల మూడో నెలలో చేద్దామని హన్మమ్మే నిర్ణయించింది. అప్పటికి సుమిత్ర చేతి కట్టు విప్పారు. ఆ రోజు పొద్దున వాకిట్లో స్నానం చేయించి, గౌను తొడిగి, అంకిత పిల్లను తెచ్చి తల్లి ముందు నిలబడింది.

“పట్టుకో అమ్మా. పైకి నువ్వే తీస్కపో.”

“వద్దు బిడ్డా!” సుమిత్ర రెండడుగులు వెనక్కి వేసింది. “నాకు బుగులైతది. ఇగ నా చేతికియ్యకు... నువ్వే అన్నవ్ గద.”

“అన్న. ఇప్పుడు నేనే ఇస్తున్న. నీ చేతులల్ల ఉన్నది గాబట్టే నా పిల్ల బతికింది. నేను నీ ఎన్కనే ఉంట.”

పిల్లను ఎడమచేత్తో గుండెకు హత్తుకుని, కుడిచేత్తో టేకు కర్ర పట్టుకుని సుమిత్ర మొదటి మెట్టెక్కింది. వీపు మీద కూతురి అరచెయ్యి వెచ్చగా ఉంది. కళ్ళ ముందు అదే నలుపు. గుండెలో అదే భయం... ఎక్కడికీ పోలేదు. ఐదు... ఆరు... పైన హన్మమ్మ నోరు మూసుకుని నిలబడింది, కొడుకును కూడా మాట్లాడనివ్వలేదు. పది... పదకొండు... వేళ్ళకు గాట్లు తగిలాయి.

మెట్ల కింద నిలబడ్డ చంద్రప్ప మాత్రం తట్టుకోలేకపోయాడు.

“ఇంక రెండే ఉన్నయి సుమిత్రా!” అని అరిచాడు.

“నాకెర్కే!” అంది సుమిత్ర. గాట్ల మీద వేళ్ళు ఆనించి ఆగింది.

“ఎర్కే గని... నువ్వు చెప్పు.”